వెండి తాపీ నల్లబడిందా? ఈసారికి తోమకండి

పాత వస్తువులు, పాత కాగితాలు దాచుకునే వాళ్ల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాస్టారూ నమస్కారమండి. మాది కోనసీమలో గౌతమి పాయ పక్కన చిన్న ఊరు, చుట్టూ చేలన్నీ ఇప్పుడు రొయ్యల చెరువులయ్యేయి. మా ఊరి గ్రంథాలయానికి పునాదిరాయి వేసినప్పుడు వాడిన వెండి తాపీ ఒకటి మా దగ్గర ఉందండి, జానెడు పైన పొడవు, నల్లచెక్క పిడి, రేకు మీద తెలుగులో చెక్కిన అక్షరాలు. ఏటా నవంబర్లో గ్రంథాలయ వారోత్సవాలకి బయటికి తీసి విభూతో పళ్లపొడో పెట్టి తళతళలాడేలా తోమి ఎర్రగుడ్డ మీద పెడతాం, మా తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. మిగతా ఏడాదంతా ఎవరికో సన్మానంలో కప్పిన ఉన్ని శాలువాలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పాత మినిట్స్ పుస్తకంతో కలిపి ఇనప బీరువా అడుగు అరలో ఉంచుతాం, కలరా ఉండలు కూడా వేస్తాం. ఇదివరకు ఏడాదికి గానీ నల్లబడేది కాదు, ఇప్పుడు మూడు నెలలకే బొగ్గులా అయిపోతోంది. ఇంకో సంగతి, దాని మీద సంవత్సరం 192 దాకా కనిపిస్తుంది, ఆఖరి అంకె అరిగిపోయింది. కింద లైన్లో నామ సంవత్సర అని ఉంది గానీ దాని ముందు క్ష లాంటి ఒక్క అక్షరం తప్ప ఏమీ తెలీట్లేదు. అల్యూమినియం ఫాయిలు, వంటసోడా, మరిగే నీళ్లతో నిమిషంలో తెల్లగా అవుతుందని వీడియోలు చూసేం, చెయ్యొచ్చా? ఊళ్లో కంసాలి గారైతే మెరుగు పెట్టి పైన లక్కర్, అదే వార్నిష్ లాంటి పూత, కొట్టేస్తే మళ్లీ నల్లబడదంటున్నారు. ఫోటోలు కూడా పంపుతున్నాం. ఏం చెయ్యమంటారు?
(గ్రంథాలయ కమిటీ తరఫున ఓ పాఠకుడు, పేరు వెయ్యొద్దన్నారు)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివేను, ఫోటోలు పెద్దవి చేసి చూసేను. అన్నిటికంటే ముందు ఒక్కటి చెప్తానండి, ఈ నవంబరుకి దాన్ని తోమకండి. నల్లగా ఉంటే నల్లగానే బల్ల మీద పెట్టి, ఎందుకు తోమలేదో పక్కన ఒక అట్ట మీద నాలుగు లైన్లు రాసి పెట్టండి, జనం ఆగి చదువుతారు. మీరు అడిగింది నలుపు గురించే గానీ నా ప్రాణం ఉసూరుమన్నది ఆ ఆఖరి అంకె దగ్గర. ఆ అంకెని నలుపు తినలేదు, విభూతి తినేసింది.

కంసాలి దగ్గర తరుగు అంటారు కదా, అదే ఇక్కడా జరుగుతోంది. వెండి నలుపంటే పైన పడ్డ మురికి కాదు, గాలిలో ఉన్న గంధకంతో వెండి కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది, అంటే ఆ నలుపులో ఉన్నది మీ తాపీ తాలూకు వెండే. తోమినప్పుడు గుడ్డకి అంటుకొచ్చే నల్లటిది చూసి అబ్బ ఎంత మురికి పోయిందో అనుకుంటాం, నిజానికి పోయింది వెండి. పైగా విభూతి, బూడిద, పళ్లపొడి ఇవన్నీ గీరేసే రకాలు. మన వైపు ఊక బూడిదతో తోమే అలవాటు ఇంకా ఉంది, వరి ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసక జాతి, వెండేమో మెత్తటి లోహం. మెత్తటి దాన్ని ఇసకతో ఏటా రుద్దుతుంటే ముందు పోయేవి ఎత్తుగా ఉన్న అంచులు, తర్వాత గీతల లోతు, అందులోనూ సన్నగా చెక్కిన అంకెలు ముందే పోతాయి. మీ ఫోటోలో 1, 9 అంకెల అంచులు కూడా గుండ్రంగా అయిపోయేయి, కొత్తగా చెక్కిన గీత అయితే గోరు పెడితే తగిలేంత పదునుగా ఉంటుంది. ఇంకో ఇరవై నవంబర్లు తోమితే 192 కూడా ఉండదు. నలుపు మాత్రం ఇనప తుప్పులాగా లోపలికి తొలుచుకుంటూ పోయే జబ్బు కాదు, మొదట్లో పసుపుగా కనిపించే ఆ పొర మందం వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అంచేత దాన్ని చూసి కంగారు పడి రుద్దకండి.

మరి మూడు నెలలకే ఎందుకు నల్లబడుతోందీ అంటే, ఇది మీ ఊళ్లో రొయ్యల చెరువున్న రైతు ఎవర్నడిగినా చెప్తారు. చెరువు అడుగున నల్లమట్టి పట్టి కుళ్లిన గుడ్ల వాసన లేచిందంటే రొయ్య తేలిపోద్దని రాత్రంతా ఏరేటర్లు తిప్పుతాడే, ఆ గ్యాసే హైడ్రోజన్ సల్ఫైడు, వెండిని నల్లబరిచేది ముఖ్యంగా అదే. మురుగు కాలవలు, మడ బురద, నిలవ నీళ్లు, ఇవి డెల్టాలో ఎప్పుడూ ఉన్నవే, దానికి తోడు చుట్టూ చేలన్నీ చెరువులయ్యేయని మీరే రాసేరు. గాలిలో వంద కోట్ల భాగాల్లో ఒక భాగం ఉన్నా చాలు, మన ముక్కుకి తెలియకముందే వెండికి తెలిసిపోతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ పని ఇంకా జోరుగా సాగుతుంది, మీ దగ్గర వానాకాలంలో తేమ ఎంతుంటుందో ఉప్పు డబ్బా చూస్తే తెలిసిపోద్ది కదా. సముద్రం దగ్గర కాబట్టి ఉప్పుగాలి కూడా ఉంది, ఉప్పులో ఉండే క్లోరైడుకి వెండన్నా పడదు, అందులో కలిపిన రాగి అన్నా పడదు.

కానీ తప్పంతా చెరువుల మీదే వెయ్యను. మీ బీరువా లోపలే పెద్ద కారణం కూర్చుని ఉంది, ఆ శాలువా. ఉన్నిలో గంధకం సహజంగానే ఉంటుంది, జుట్టు కాలితే వచ్చే కంపు కూడా దాని వల్లే, అలాంటి ఉన్నిలో వెండిని చుట్టడమంటే గంధకం మూట కట్టి ఒళ్లో పెట్టినట్టే. ఇక రబ్బరు బ్యాండు. రబ్బరు గట్టిపడటానికి తయారీలోనే గంధకం కలుపుతారు. ఇది నేను చదివి చెప్పేది కాదు. ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఒక పాత ఫైలుకి రబ్బరు బ్యాండుతో కట్టేసిన వెండి పతకం నా చేతికొచ్చింది. బ్యాండు ఎండి, కరిగి, మళ్లీ గట్టిపడి పతకానికి అతుక్కుపోయింది. మెల్లగా వలిచి తీస్తే కింద అడ్డంగా నల్లటి చార, అది కూడా ఊరికే రంగు కాదు, వేలు పెట్టి చూస్తే సన్నటి గాడిలా తగిలింది. పై అధికారి చూస్తే ఏమంటారో అని నేను దాన్ని పాలిష్‌తో రుద్దేను. చార పోలేదు. చార పక్కన ఉన్న పేరులో రెండక్షరాలు పలచబడిపోయేయి. ఆ పేరున్న మనిషి గురించి ఆ ఫైల్లో తప్ప ఇంకెక్కడా లేదు. అప్పట్నుంచి ఏ వెండి వస్తువు చేతికొచ్చినా ముందు చేతులు వెనక్కి పెట్టుకుని చూడటం అలవాటు చేసుకున్నాను.

అంచేత ఇవాళే చెయ్యాల్సినవి చెప్తాను. రబ్బరు బ్యాండు, శాలువా, కలరా ఉండలు మూడూ తీసెయ్యండి. కలరా ఉండల ఆవిరి వస్తువుల మీద మళ్లీ గడ్డకట్టి పేరుకుంటుంది, కొన్ని ప్లాస్టిక్కుల్ని జిగురు జిగురు చేస్తుంది, ఆ పేరుతో అమ్మే కొన్నిటిలో క్లోరిన్ ఉన్న రసాయనం కూడా ఉంటుంది, వెండి పక్కన దాంతో పనే లేదు. తాపీని ఉత్త చేత్తో పట్టుకోకండి, చెమటలో ఉప్పు వేలిముద్ర ఆకారంలోనే వెండిని కొరుకుతుంది, ఏళ్ల తర్వాత ఆ వేలి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. మెడికల్ షాపులో నీలం రంగు నైట్రైల్ గ్లవ్స్ అడగండి, పౌడరు లేనివి. తెల్ల రబ్బరువి, అదే లేటెక్స్‌వి, వద్దు, వాటిలోనూ గంధకమే. పిడిని, రేకుని రెండిటినీ కలిపి కింద నుంచి పట్టుకోండి, పిడి ఒక్కటే పట్టి ఎత్తొద్దు.

దాచడానికి అంత ఖర్చేం లేదండి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి, అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే పాలీప్రొపిలీను, అది మంచిది. 2, 4 ఉన్నా పర్లేదు, అవి పాలిథీన్ రకాలు. 3 ఉంటే మాత్రం పీవీసీ, దాని జోలికి పోవద్దు. తాపీని యాసిడ్ లేని తెల్ల టిష్యూ కాగితంలో చుట్టండి, ఆర్కైవు సామాన్లు అమ్మే వాళ్ల దగ్గర దొరుకుతుంది, కొనేటప్పుడు బఫర్, అంటే యాసిడ్‌ని విరిచే క్షారం, కలపనిది అని అడగండి. అది దొరికేదాకా పదిసార్లు ఉతికి మెత్తబడ్డ తెల్ల నూలు పంచె ముక్క, గంజి పెట్టనిది, నీలిమందు వెయ్యనిది సరిపోతుంది. న్యూస్‌పేపరు, వెల్వెట్టు, స్పాంజి, సెల్లో టేపు ఏవీ తగలకూడదు. చుట్టేక జిప్ కవర్లో పెట్టి, గాలి మెల్లగా నొక్కి తీసేసి మూసి, ఆ కవర్ని డబ్బాలో పెట్టండి. డబ్బాలో సిలికా జెల్ సంచులు వెయ్యండి, నారింజ రంగువి, తేమ పీల్చేక ఆకుపచ్చగా మారతాయి, అప్పుడు మార్చాలి. నీలం గింజల్లో కోబాల్టు ఉంటుంది, పిల్లలు తిరిగే చోట వద్దు. సిల్వర్‌క్లాత్ అని ఒక గుడ్డ వస్తుంది, దాని పోగుల్లో సన్నటి వెండి రేణువులు ఉంటాయి, గాలిలో గంధకం లోపలికి రాకముందే ఆ రేణువులు దాన్ని పట్టేసుకుంటాయి. అంటే గుడ్డలో ఉన్న వెండి నల్లబడి మీ తాపీని కాపాడుతుందన్నమాట. మీ కమిటీకి డబ్బులు కూడినప్పుడు ఒక గజం తెప్పించుకోండి, ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

బీరువా ఇనపదే మంచిది, కొత్త ప్లైవుడ్ అల్మరా కన్నా నూటికి నూరుపాళ్లు నయం, కాకపోతే అడుగు అర వద్దు. 1986 ఆగస్టు వరద చూసిన వాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటారు, నీళ్లు గోడ మీద ఎంతవరకు వచ్చేయో వేలు పెట్టి చూపిస్తారు, ఆ గీతకి పైన ఉండే అరలో పెట్టండి. అలాగని అటక మీదా వద్దు, 96 తుపానులో కప్పులు లేచిపోయిన ఊళ్లు మనవి. నడుం ఎత్తుకి పైన, తల ఎత్తుకి కింద అని లెక్క పెట్టుకోండి. ఎవరైనా డబ్బా పట్టుకుని పరిగెత్తాల్సొస్తే చీకట్లో కూడా చేతికందాలి.

ఏ చోటు మంచిదో తేల్చుకోడానికి ఒక తేలిక పద్ధతుంది. కంసాలి దగ్గర నాలుగు చిన్న వెండి బిళ్లలు ఒకే రేకులోవి కోయించి మెరుగు పెట్టించండి, ఒకటి బీరువాలో, ఒకటి డబ్బాలో, ఒకటి అద్దాల అల్మరాలో, ఒకటి కిటికీ దగ్గర పెట్టి, తేదీ రాసి, నెలకోసారి పక్కపక్కన పెట్టి చూడండి. ముందు ఏది పసుపెక్కితే ఆ చోటు చెడ్డది. పెద్ద మ్యూజియాల్లో కొత్త గుడ్డ, కొత్త చెక్క వాడే ముందు ఆడీ టెస్ట్ అని చేస్తారు, బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో చెప్పిన పద్ధతి. వెండి, రాగి, సీసం ముక్కల్ని ఆ గుడ్డతో పాటు సీసాలో బిగించి కాస్త నీరు పెట్టి 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు, వెండి నల్లబడితే ఆ గుడ్డలో గంధకం ఉన్నట్టు. మీ నాలుగు బిళ్లలూ దానికి చిన్న తమ్ముళ్లనుకోండి.

ఇక ఫాయిలు, వంటసోడా సంగతి. అది మోసం కాదు, రసాయనం నిజమే, అల్యూమినియం ఆ గంధకాన్ని లాక్కుని వెండిని తిరిగి వెండిగా వదిలేస్తుంది, అందుకే గిన్నెలోంచి గుడ్ల కంపు కూడా వస్తుంది. కానీ తిరిగొచ్చిన వెండి మునుపటిలా నున్నగా కూర్చోదు, గుల్లగా మసకగా ఉండి ఇంకా తొందరగా నల్లబడుతుంది. దానికన్నా పెద్ద ప్రమాదం మీ పిడి. చెక్క పిడిని వెండి గొట్టంలో దింపి లోపల లక్కో గుగ్గిలమో పోసి నిలబెట్టడం పాత పద్ధతి, మరిగే నీళ్లు తగిలితే లక్క మెత్తబడి పిడి ఊడి చేతికొస్తుంది, లోపలికెళ్లిన నీళ్లు బయటికి రావు. పైగా అక్షరాల గీతల్లో మిగిలిన నలుపు వల్లే ఇప్పుడు మీరు ఆ నాలుగు ముక్కలైనా చదవగలుగుతున్నారు, అది కూడా పోతే తెల్లటి రేకు మీద తెల్లటి గీతలు మిగులుతాయి. బజార్లో దొరికే డిప్ ద్రావకాలు కూడా ఇదే కోవ, వాటిలో యాసిడ్ ఉంటుంది, సరిగ్గా కడక్కపోతే సందుల్లో ఉండిపోయి లోహాన్ని కొరుకుతుంది. అంచేత వద్దు.

లక్కర్ మాట కంసాలి గారు మంచి మనసుతోనే చెప్పుంటారు, పెద్ద మ్యూజియాల్లో నిజంగానే కొన్ని వెండి వస్తువులకి లక్కర్ వేస్తారు. కాకపోతే దానికి ముందు ఒక్క జిడ్డు చుక్క లేకుండా శుభ్రం చెయ్యాలి, పొర ఎక్కడా సూది మొనంత కూడా ఖాళీ ఉండకూడదు, ఖాళీ ఉన్న చోట నలుపు చుక్కగా మొదలై పొర కిందకి పాకుతుంది, అప్పుడు మొత్తం పొర కరిగించి తీసి మళ్లీ తోమాలి. ఆయన్ని ఇంకో పనికి పిలవండి. పిడి ఎలా బిగించేరో, ఎక్కడ టంకం పెట్టేరో, చేత్తో చెక్కిన అక్షరాలా కాదా అన్నది చూసి చెప్పగలిగేది ఆయనే. ఆయన చెప్పింది చెప్పినట్టు రిజిస్టర్లో రాసుకోండి, అలాంటి కన్నున్న వాళ్లు ఇప్పుడు ఊరికొకరు కూడా లేరు.

తోమకుండా ఏ మాత్రం శుభ్రం చెయ్యొచ్చు అంటే, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపొచ్చు. రేకు మీద జిడ్డుంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో దూది తడిపి, బాగా పిండి, పిడికి తగలకుండా అద్ది వెంటనే పొడి గుడ్డతో అద్దండి. కుళాయి నీళ్లు వద్దు, వాటిలో క్లోరిన్ ఉంటుంది. అంతకు మించి నిపుణుల పని. వాళ్లు కూడా తప్పనిసరైతేనే, బడి సుద్దముక్క కాదు, ప్రెసిపిటేటెడ్ చాక్ అని చాలా మెత్తటి కాల్షియం కార్బొనేటు పొడి నీళ్లతోనో స్పిరిట్‌తోనో కలిపి దూది మీద పెట్టి ఒక్కో అంగుళం చేస్తారు, అదీ పూర్తిగా తెల్లబడేదాకా కాదు. లక్నోలో 1976 నుంచి ఉన్న జాతీయ పరిరక్షణ ప్రయోగశాల, ఎన్‌ఆర్‌ఎల్‌సీ అంటారు, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న పరిరక్షణ విభాగం, ఇలాంటి చోట్లకి ఫోటోలతో ఉత్తరం రాయండి, ముందు సలహా అడగండి, వస్తువు పంపడం తర్వాత.

ఇప్పుడు ఆ అంకె. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే మీ దగ్గరే సగం జవాబుంది. 1920 నుంచి 1929 దాకా ఉగాదికి మొదలైన తెలుగు సంవత్సరాలు వరసగా రౌద్రి, దుర్మతి, దుందుభి, రుధిరోద్గారి, రక్తాక్షి, క్రోధన, అక్షయ, ప్రభవ, విభవ, శుక్ల. వీటిలో క్ష ఉన్నవి రెండే, రక్తాక్షి, అక్షయ. రక్తాక్షి 1924 ఉగాది నుంచి 1925 ఉగాది దాకా, అక్షయ 1926 నుంచి 1927 దాకా. అంటే ఆఖరి అంకె 4, 5, 6, 7 లలో ఒకటి. ఇప్పుడు ఆ క్ష మీద గుడి ఉందా లేదా చూడాలి. ఉంటే రక్తాక్షి. గుడి లేకుండా పక్కన య తాలూకు వంపు ఏ కాస్త కనిపించినా అక్షయ. రాత్రి పూట లైట్లన్నీ ఆర్పేసి, తాపీని తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి, ఒక టార్చి రేకుకి దాదాపు ఆనించినట్టు పక్క నుంచి వెయ్యండి, ముందు ఎడమ నుంచి, తర్వాత పైనుంచి, కుడి నుంచి, కింద నుంచి, ఫోన్ కదలకుండా ఒకే చోట పెట్టి నాలుగు వైపుల వెలుగుకీ నాలుగు ఫోటోలు తియ్యండి. ఎదురు వెలుగులో కనపడని గీత ఏటవాలు వెలుగులో నీడగా లేస్తుంది. పెన్సిల్‌తో కాగితం పెట్టి రుద్దడం లాంటివి మాత్రం వద్దు.

వెనక పక్క, పిడి మొదలు దగ్గర చిన్న ముద్రలున్నాయేమో కూడా చూడండి. నడుస్తున్న సింహం బొమ్మ ఉంటే అది ఇంగ్లండ్ స్టెర్లింగ్, అంటే వెయ్యిలో 925 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. పక్కన లంగరుంటే బర్మింగ్‌హామ్‌లో, చిరుతపులి తలుంటే లండన్‌లో పరీక్ష చేసినట్టు, వాటి పక్కన ఉండే ఒక ఇంగ్లీషు అక్షరం అది ఏ ఏడాదో చెప్పేస్తుంది. మద్రాసు మౌంట్ రోడ్డులో పి. ఓర్ అండ్ సన్స్ వాళ్లు ఆ రోజుల్లో వెండి పనికి పేరున్న దుకాణం, అలాంటి చోట చేయించి ఉంటే దుకాణం పేరే ముద్ర ఉంటుంది. ఏ ముద్రా లేకపోతే మన కంసాలి ఎవరో చేసిందేమో, రూపాయలు కరిగించి చేయించడం కూడా మామూలే అప్పట్లో. ఆనాటి రూపాయి సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు, అందులో వెయ్యికి 917 పాళ్లు వెండి. ఖర్చు పుస్తకంలో ఇన్ని రూపాయల ఎత్తు అని రాసుంటే ఇప్పటి బరువుతో సరిచూసుకోవచ్చు, పిడి బరువు కలుస్తుందని గుర్తుపెట్టుకుని.

అంచేత ఆ మినిట్స్ పుస్తకం తాపీ కన్నా తక్కువదేం కాదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో బెజవాడలో మొదలైంది, దానికి ప్రాణం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు మన గోదావరి జిల్లాలో కొంకుదురులో పుట్టినాయనే. ఆ ఊపులో ఊరూరా చందాలేసుకుని కట్టుకున్న గ్రంథాలయాల్లో మీదొకటి అయ్యుంటుంది. పునాదిరాయి ఎప్పుడు, ఎవరి చేత, ఎంత చందాతో, ఇదంతా ఆ పుస్తకంలో ఉండాలి, అందులో లేకపోతే ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక పాత సంచికల్లో ఊళ్ల వార్తల కింద వెతకండి. తారీకు తేలితే ఇంకో ఉపయోగం కూడా ఉంది, 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్లు నిండిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికొస్తుంది, దాన్ని సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. రక్తాక్షి అయితే మీది ఆ గీత దాటేసింది, అక్షయ అయితే ఇప్పుడిప్పుడే దాటుతోంది. పాత వెండి కొంటామని ఊళ్లమ్మట తిరిగే వాళ్లెవరైనా వస్తే కమిటీలో అందరికీ ఈ సంగతి తెలిసుండాలి.

పుస్తకాన్ని తాపీతో ఒకే డబ్బాలో పెట్టకండి. పాత కాగితం వదిలే ఆవిర్లు వెండికి మంచివి కావు, వెండికి కావాల్సినంత పొడి గాలి కాగితానికి పడదు, పెళుసెక్కి విరుగుతుంది. తాటాకు గ్రంథాలున్నా అదే మాట. రెండూ వేర్వేరు డబ్బాలు, ఒకే నంబరు, తాపీకి 1అ, పుస్తకానికి 1ఆ అనుకోండి. నంబరు చీటీ మీద రాసి తెల్ల నూలు దారంతో పిడికి వదులుగా కట్టండి, రేకు మీద పెన్నుతో రాయొద్దు, చీటీ అతికించొద్దు. పొడవు, వెడల్పు, బరువు, ఎక్కడెక్కడ సొట్టలున్నాయి, అక్షరాలు ఎంతవరకు చదవగలుగుతున్నాం, ఇవన్నీ తేదీతో రిజిస్టర్లో ఎక్కించండి. వచ్చే ఏడు కమిటీ మారొచ్చు, కొత్తగా వచ్చినాయన నలుపు చూసి బాధపడి విభూతి డబ్బా తియ్యకముందే ఆ పేజీ ఆయన కంటపడాలి.

టార్చి వెలుగులో తీసిన ఫోటోలు నాకూ పంపండి. ఆ క్ష మీద గుడి ఉందో లేదో చూడాలని నాకూ ఆత్రంగా ఉంది.

ప్రశ్న: అమ్మమ్మ ఇచ్చిన వెండి కంచం, చెంబు రోజూ వాడుకుంటున్నాం. మీరు చెప్పేవి వింటుంటే భయమేస్తోంది, వాటినీ తోమకూడదా?
(ఓ గృహిణి, పాలకొల్లు వైపు)

జవాబు: వాడుకోండమ్మా, హాయిగా వాడుకోండి. రోజూ వాడి కడిగే వెండి అసలు అంతగా నల్లబడదు, బీరువాలో మూలన పెట్టిందే నల్లబడుతుంది. అన్నం తిన్నాక ఎక్కువసేపు ఉంచకుండా మామూలు సబ్బు నీళ్లతో మెత్తటి గుడ్డతో కడిగి వెంటనే తుడిచెయ్యండి, స్టీలు పీచు తగలనివ్వకండి. కోడిగుడ్డు, ఉల్లిపాయ ఎక్కువున్న కూరలు ఆ కంచంలో వడ్డించుకోకపోతే మంచిది, వాటిలో గంధకం ఉంటుంది. చెంబు మీద అమ్మమ్మ గారి పేరు చెక్కి ఉంటే ఆ పేరున్న చోట మాత్రం చెయ్యి తేలిగ్గా పడనివ్వండి.

ప్రశ్న: మా హైస్కూల్లో పాత సిల్వర్ కప్పు ఒకటుంది, తోమేకొద్దీ అంచుల్లో పసుపుగా తేలుతోంది. కల్తీ వెండా?
(రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు, తణుకు)

జవాబు: కల్తీ కాదండి, అది బహుశా పూత. వెనక ఇ.పి.ఎన్.ఎస్. అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలున్నాయేమో చూడండి, మనం జర్మన్ సిల్వర్ అనే లోహం మీద కరెంటుతో వేసిన వెండి పూత అని దానర్థం. జర్మన్ సిల్వర్లో వెండి చుక్క కూడా ఉండదు, రాగి, నికెలు, జింకు అంతే. ఈ పూత పద్ధతికి బర్మింగ్‌హామ్ ఎల్కింగ్టన్ వాళ్లు 1840లో పేటెంటు తీసుకున్నారు, ఆ తర్వాత కప్పులూ షీల్డులూ ఎక్కువగా అందులోనే వచ్చేయి. పూత పలచగా ఉంటుంది కాబట్టి ఇక తోమడం ఆపెయ్యండి. మళ్లీ పూత వేయిస్తామని ఎవరన్నా ఒప్పుకోకండి, వెయ్యాలంటే ముందు పాతది అరగదీస్తారు, దాంతో పాటు గెలిచిన పిల్లల పేర్లూ పోతాయి. వెండి కాకపోయినా ఆ పేర్ల వల్ల అది మీ స్కూలుకి వెండి కన్నా ఎక్కువే.

ప్రశ్న: నల్లటి పాన్‌దాన్, మీద వెండి పూలు. ఎంత తోమినా నలుపు వదలట్లేదు.
(కాకినాడ నుంచి)

జవాబు: దయచేసి ఆపండి, ఇప్పుడే ఆపండి. మీరు చెప్పింది బిద్రీ పనిలా ఉంది. అది జింకులో కాస్త రాగి కలిపి పోత పోసి, వెండి తాపడం చేసి, ఆఖర్న బీదరు కోట మట్టిలో నవాసాగరం కలిపి ఆ నీళ్లతో కావాలని నలుపు తెప్పిస్తారు. ఆ నలుపే దాని అందం. నవాసాగరం నీళ్లకి వెండి లొంగదు, మిగతాది నల్లబడుతుంది, అందుకే పూలు అలా మెరుస్తాయి. ఇప్పటిదాకా తోమిన చోట బూడిద రంగు తేలిందేమో ఒక ఫోటో తీసి పంపండి, ఏం చెయ్యాలో చూసి చెప్తాను. ఈలోగా పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవడం తప్ప ఇంకేమీ చెయ్యొద్దు, చింతపండు అసలే వద్దు.